గాదెలో దాచిన పేనుబంక

అనగనగా ఒక పెరట్లో చిక్కుడు పాదు, ఆ పాదు మొదట్లో చీమల ఇల్లు. ఆ ఇంటి పెద్ద నూకాలత్త. ఆవిడ కోడలు పైడమ్మ. చిక్కుడు తీగకి పేనుబంక పడుతుంది చూశారూ, నువ్వుగింజంత పచ్చటి పురుగులు, అవే వాళ్ళ పాడి. తలలో పేలు కాదర్రా, నవ్వకండి! పైడమ్మ మీసాలతో మెల్లగా నిమిరితే ఒక్కోటీ ఒక్కో తీపి చుక్క ఇచ్చేది. పసికూనలకి అదే ఉగ్గు. అందుకు బదులుగా చీమలు వాటికి కాపలా కాసేవి. ఊ కొడుతున్నారా? మీరు ఆపితే నేను దారి తప్పుతాను.

ఒకనాడు అక్షింతల పురుగు, ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుంటాయే అది, వచ్చి నాలుగింటిని మింగేసింది. అత్త హడలిపోయింది. ఏది దొరికినా గాదెలోకి లాక్కెళ్ళడమే కదా చీమల అలవాటు! నూకలు దాచినట్టే పాడినంతా నేలకింద గాదెలో పెట్టి, వాకిలి పూడ్చేసింది.

మర్నాడు నిమిరితే చుక్క లేదు. ఆ మర్నాడూ లేదు. పసికూనలు ఆకలితో తలలు వాల్చేశాయి.

"మొండికేశాయి. ఇంకాస్త గట్టిగా నిమురు," అంది అత్త.

"నూకలయితే దాచుకోవచ్చు అత్తా, ఇవి ప్రాణాలు. లేత తీగ రసం తాగితేనే తీపి. మట్టి నాకి ఏమిస్తాయి?"

"బయట పెడితే వాడు మింగుతాడే!"

"రానీ. నేనున్నాను."

పైడమ్మ వాకిలి తవ్వేసింది. ఒకదాన్ని నోట కరిచింది. "నన్ను తినేస్తావా పిన్నీ?" అని అది వణికింది. నోరు తెరిస్తే జారిపోతుందని పైడమ్మ జవాబే చెప్పలేదు. గడ్డ దాటింది, గడ్డిపరక దాటింది, తీగ ఎక్కింది, చిగురు మీద దించింది. మళ్ళీ వచ్చింది. గడ్డ దాటింది, గడ్డిపరక దాటింది... ఎన్నిసార్లో అడక్కండి, నాకు లెక్క నిలవదు. ఆగలేదన్నది మాత్రం నిజం.

ఆఖరిదాన్ని దించేసరికి అక్షింతల పురుగు వాలింది. పైడమ్మ దాని కాలు పట్టుకుంది. పురుగు విదిల్చింది, పైడమ్మ వదల్లేదు. ఈడ్చింది, వదల్లేదు.

కిందనుంచి చూస్తున్న అత్త ఇక ఉండలేకపోయింది. "నా కోడల్నే ఈడుస్తావుట్రా!" అంటూ ఎక్కి ఇంకో కాలు కరిచింది. వెనకే ఇల్లంతా కదిలింది. ఆరు కాళ్ళకి అరవై చీమలు! పురుగు ఎలాగో విడిపించుకుని వంగమొక్కల్లోకి ఎగిరిపోయింది.

సాయంత్రానికి చిగురు మీద చుక్క మెరిసింది. అత్తే మోసుకొచ్చి పసికూనల నోట్లో వేసింది. ఆనాటి నుంచి తీగ మీద మొదటి కాపలా ఆవిడదే.

పాడిని మేతలో ఉంచి కాచుకోవాలర్రా, గాదెలో పెట్టి కాదు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.