ముళ్ళకంచె అవతలి గొంతు

అనగనగా, అడవిలో జంతువులన్నీ తమ పిల్లల్ని చదువుకి పంపే రోజుల్లో, కొండ కింద ఒక బడి ఉండేది. ఆ బడికి మందాకిని అనే ముసలి ఏనుగు పంతులమ్మ. బడి చుట్టూ ఎత్తయిన ముళ్ళకంచె. ఆ కంచెలో అక్కడక్కడా బోలు వెదురు గొట్టాలు అమర్చారు. ఇవతలి పిల్లలు అవతలి అడవుల పిల్లలతో వాటిలోంచి కబుర్లాడుకునేవారు. గొంతు వినబడుతుందే గాని ముఖం కనబడదు.

చారుమతి అనే జింకపిల్ల ఆ బడిలో కొత్తగా చేరింది. ఇంకా ఎవరితోనూ స్నేహం కుదరలేదు. ఒకనాడు అది తనలో తను పాడుకుంటుంటే గొట్టంలోంచి మెత్తటి గొంతు పలికింది.

"నేనూ నీలాంటి జింకపిల్లనే. ఇంత బాగా మా అడవిలో ఎవరూ పాడరు."

చారుమతి మురిసిపోయింది. ఆ పూట మేత కూడా మరిచిపోయింది.

రెండోసారి ఆ గొంతు, "మీ ఇల్లెక్కడ? మీ అమ్మ ఏ వేళకు మేతకు వెళుతుంది?" అని అడిగింది. స్నేహితురాలే కదా అని చారుమతి అన్నీ చెప్పేసింది.

"మన మాటలు మనలోనే ఉండాలి సుమా. పెద్దవాళ్ళకి మన స్నేహం అర్థం కాదు" అంది గొంతు.

మూడోసారి, "బడి వదిలాక వాగు పక్క పొదల్లోకి ఒంటరిగా రా" అంది.

చారుమతి గొట్టం దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. "అమ్మని అడిగి వస్తాను" అంది.

అంతే, ఆ గొంతులో మెత్తదనం పోయింది. "అడిగావంటే, మీ ఇంటి జాడ నాకు చెప్పింది నువ్వేనని అందరికీ చాటుతాను. అప్పుడు మీ అమ్మ నిన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

చారుమతి ఓ మూల ముడుచుకుని కూర్చుంది. చెబితే తిడతారేమోనని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకా భయం. చివరికి లేచి పంతులమ్మ దగ్గరికి వెళ్ళి, తల వంచుకుని, జరిగిందంతా చెప్పింది.

మందాకిని తొండంతో దాని వీపు నిమిరింది. "తప్పు నిన్ను మోసం చేసినవాడిది, నీది కాదు తల్లీ. ఇంత భయంలోనూ నోరు విప్పావు. ఇక ఈ సంగతి నేను చూసుకుంటాను."

కబురందగానే తల్లి జింక పరుగున వచ్చింది. తిట్టలేదు. బిడ్డ నుదురు నాకుతూ అలాగే నిలబడిపోయింది.

మందాకిని పిల్లలందర్నీ కూర్చోబెట్టి, "ఆ గొంతు మీలో ఇంకెవరితోనైనా మాట్లాడిందా?" అని నెమ్మదిగా అడిగింది. ముందుగా కుందేలు పిల్ల, "నాతో కుందేలునని చెప్పింది" అంది. "నాతో నెమలినని చెప్పింది" అంది నెమలి పిల్ల. ఎవరికి వారు తమ ఒక్కరికే ఇలా జరిగిందనుకుని అప్పటిదాకా కుమిలిపోయారు.

బడి వదిలే వేళకు మందాకిని పిలిపించిన ఏనుగుల మంద చప్పుడు చేయకుండా వాగు పక్క పొదల్ని చుట్టుముట్టింది. అక్కడ జింకా లేదు, కుందేలూ లేదు. గొంతు మెత్తబడడానికి తేనె నాకుతూ ఒక తోడేలు కూర్చుని ఉంది. ఏనుగులు దాన్ని మృగరాజు ముందు నిలబెట్టాయి. పిల్లలున్న చోటికి మళ్ళీ రాకుండా రాజు దాన్ని కొండ గుహలో బంధించాడు.

"ఆ గొట్టాలు మూసేద్దాం" అన్నారు కొందరు తల్లిదండ్రులు.

"మూస్తే మంచి స్నేహాలూ పోతాయి. పిల్లల్ని వాటి దగ్గర ఒంటరిగా వదలడం నా పొరపాటు. ఇకమీదట పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉంటారు" అంది మందాకిని.

మర్నాడు కుందేలు పిల్లా, నెమలి పిల్లా వచ్చి చారుమతికి చెరో పక్కన కూర్చున్నాయి. "నువ్వు చెప్పబట్టే మేమూ చెప్పగలిగాం" అంది కుందేలు పిల్ల. చారుమతి తాను తెచ్చుకున్న లేత చిగురాకులు వాటి ముందుకు జరిపింది. ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటూ కడుపునిండా తిన్నారు.

నీతి: ఎవరికీ చెప్పవద్దన్న మాటనే పిల్లలు ముందుగా అమ్మానాన్నలకో పంతులమ్మకో చెప్పాలి, చెప్పిన బిడ్డను పెద్దలు తిట్టకుండా అక్కున చేర్చుకోవాలి.