ఎర్రనీటికి దారి

అనగనగా ఒక ఏటి ఒడ్డున నూకాలమ్మ అని ఒకావిడ ఉండేది. చేపలు పట్టి పిల్లల్ని సాకేది. మహా మొండిది, అచ్చం నీలాగే.

తొలకరి వానలకి ఏటికి ఎర్రనీరు వచ్చేది. కొండల మీది మట్టీ, ఆకూ, పురుగూ మోసుకొచ్చేది. ఆ వాసన తగిలితే చాలు, కడుపుతో ఉన్న చేపలు ఎదురీదుకుంటూ ఎగువకి పోయి గుడ్లు పెట్టేవి. పురుగుల్ని పిల్లచేపలు తినేవి, వాటిని పెద్దచేపలు తినేవి, పెద్దవాటిని కొంగలూ, మన నూకాలమ్మా తినేవాళ్ళు.

అప్పుడు ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. తొలి నీళ్ళు వృథా పోకూడదని గేట్లు దించేశారు. సందుల్లోంచి కారే ఎర్రనీటికి ఆశపడి వచ్చిన చేపలు గేటు కిందే ఆగిపోయాయి, పాపం. ఊరివాళ్ళు బుట్టలతో ఎత్తుకున్నారు. నూకాలమ్మా ఎత్తుకుంది. కోస్తే అన్నీ గుడ్లే.

మరుసటి ఏడు చేపలు సగమే వచ్చాయి. ఆ తర్వాతి ఏడు బుట్ట అడుగు కూడా నిండలేదు. మూడో ఏడాదికి కొంగలు వేరే ఊరు చూసుకున్నాయి. దోమపిల్లల్ని తినే పిల్లచేపలు లేక ఊరంతా దోమలు, జ్వరాలు. ఇంకో ఏడాది ఇలాగే అయితే ఏట్లో చేపే ఉండదని నూకాలమ్మ భయపడింది.

వెళ్ళి, గేట్లు చూసే సింహాద్రిని తొలి నీటికి గేటు ఎత్తమని అడిగింది. పొమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ పొమ్మన్నాడు. మూడోసారి వెళ్ళి గట్టు మీద కూర్చుని లేవనంది.

అప్పుడు సింహాద్రి, "నేను ఎత్తితే మాత్రం, మీ వలలు చేపల్ని పోనిస్తాయా?" అన్నాడు.

నిజమే కదా తల్లీ.

ఇంటికొచ్చి తన వల చుట్టి అటకెక్కించింది. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది, విననివాళ్ళని తిట్టింది. ఎర్రనీరు వచ్చిన రోజున రేవులో నిలబడి, "వెయ్యాలంటే ముందు నా మీద వెయ్యండిరా వల" అంది. ఎవరూ వెయ్యలేదు. అది చూసి సింహాద్రి గేటు ఎత్తాడు.

చేపలు ఒకదాని వెనక ఒకటి ఎగువకి పోయాయి. ఎంతెంత పెద్దవో! ఊరంతా నోరూరుతూనే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం పిల్లలు చేపల కూర ఏదని అడిగారు. నూకాలమ్మ కంచాల్లో గంజి పోస్తూ, "పురిటికి వెళ్ళిందర్రా" అంది.

కథేమో కంచికి, చేపేమో ఎగువకి, ఇంక నువ్వేమో నిద్రకి.