సింగన్న కాపలా

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక ఏరు, ఆ ఏటికి ఒక గట్టు, ఆ గట్టు కింద మాగాణిపురం అనే ఊరు. ఆ ఊళ్ళో బైరాగి అనే తోలుపనివాడు ఉండేవాడు. బావుల్లో నీళ్ళు తోడే తోలుబొక్కెనలు కుట్టడం అతని వృత్తి. అతను కుట్టిన బొక్కెన పదేళ్ళు వాడినా చుక్క కారదు. పేరుకే బైరాగి, కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

ఆ కోపానికి కారణం ఉంది. వినండి, వింటే మీకూ కోపం వస్తుంది.

ఆ ఊళ్ళో ఎవడైనా పని మధ్యలో కునుకు తీస్తే, "ఏమిట్రా, సింగన్న కాపలానా?" అనేవారు. చేలో పిట్టలు గింజలు తినిపోతే సింగన్న కాపలా. పిల్లి పాలు తాగిపోతే సింగన్న కాపలా. ఆ సింగన్న ఎవరో కాదు, బైరాగి తండ్రి. ఏటిగట్టుకు కాపలావాడు. పదిహేనేళ్ళ కిందట వరదకు గట్టు తెగి పంటంతా కొట్టుకుపోయింది, పంటతో పాటు సింగన్నా కొట్టుకుపోయాడు. గట్ల అధికారి మాచన రాజుగారి ముందు నిలబడి, "కాపలావాడు నిద్రపోయాడు ప్రభూ, అందుకే గట్టు తెగింది" అన్నాడు. రాజు నమ్మాడు. ఊరు నమ్మింది. చచ్చినవాడు లేచి వచ్చి కాదనలేడు కదా!

నిజం తెలిసింది సింగన్న భార్య నూకాలుకు. గట్టుకు నెర్రె పడిందని చెప్పడానికి సింగన్న మూడుసార్లు మాచన ఇంటికి వెళ్ళాడు. మాచన మూడుసార్లూ తరిమేశాడు. చివరికి సింగన్న ఒక్కడే మట్టిగంప నెత్తిన పెట్టుకుని నెర్రెకు అడ్డం పోయాడు. పోయినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఈ మాట నూకాలు ఎందరికో చెప్పింది. "మొగుణ్ణి వెనకేసుకు రాక ఏం చేస్తుందిలే" అని అందరూ నవ్వి పోయారు.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారు చాటింపు వేయించాడు. ఆ రాజ్యంలో ఏడాదికొక మనవి రోజు ఉండేది. ఆ రోజున ఎవరైనా కొలువుకు వచ్చి తమ కష్టం చెప్పుకోవచ్చు. విని విని రాజుగారికి విసుగు పుట్టింది. "ఇకమీదట నాకెవరూ చెప్పవద్దు, చూపించండి. ఒక్క గడియలో చూపించండి. ఒకసారి తోసిపుచ్చిన మనవిని మళ్ళీ ఎత్తరాదు" అన్నాడు.

బైరాగి ఆ చాటింపు విన్నాడు. ఇంటికి వచ్చి, "అమ్మా, అయ్య కథను తోలుబొమ్మలాటగా కడతాను" అన్నాడు.

అతను ఆడినవాడు కాదు, పాడినవాడు కాదు. ఊళ్ళోకి బొమ్మలాటవాళ్ళు వచ్చినప్పుడు చాప మీద కూర్చుని చూసినవాడు, అంతే. అయితేనేం, తోలు చేతిలో ఉంది, కోపం కడుపులో ఉంది. తండ్రి బొమ్మకు ఇంట్లో ఉన్న వాటిలోకెల్లా మేలైన గేదెతోలు తీశాడు. బొక్కెనకు వాడే దళసరి తోలు! ఏడు తరాలైనా చిరగకూడదని ముచ్చటపడి చేశాడు. పసుపుపచ్చ తలపాగా, ఎర్రంచు పంచె, నెత్తిన గంప, అన్నీ రంగులతో దిద్దాడు. మాచన బొమ్మకు మాత్రం, "వీడికి ఇది చాలు" అని మూల పడి ఉన్న పలచటి మేకతోలు ముక్క ఈడ్చి, రెండు రంగులు పులిమి వదిలేశాడు.

బొక్కెనలు దాచే కొట్టుకు కిటికీ లేదు. తలుపు వేస్తే పగలే చీకటి. అక్కడ తెల్ల పంచె తెరగా కట్టాడు. తెర వెనక ఆముదం దీపం, ఆ దీపం పక్కన తను. తెర ముందు చాప. నెల రోజులు రోజూ ఆడుకుని, ఇక ఎవరికైనా చూపించాలనుకున్నాడు.

మొదట పిలిచింది బావమరిది గురవయ్యను. గురవయ్య చాప మీద కూర్చుంటూనే, "అద్భుతం బావా!" అన్నాడు. అప్పటికి దీపమే వెలిగించలేదు. ఆట మొదలైంది. మాచనను తిట్టే పద్యాలు సాగుతున్నాయి. తెర అవతల నుంచి "ఊఁ... ఊఁ..." అని వినిపిస్తుంటే, బావమరిది ఊఁ కొడుతున్నాడని బైరాగి మరింత రెచ్చిపోయాడు. అది గురక అని అతనికేం తెలుసు! ఆట అయ్యాక గురవయ్య కళ్ళు నులుముకుని, "బ్రహ్మాండం! రాజుగారు గండపెండేరం తొడగకపోతే నన్నడుగు. అవునూ, వంట అయిందా?" అన్నాడు.

చూశారా! ఇలాంటివాళ్ళను తలచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టినవాడు చెడగొట్టేది పిసరంత, చూడకుండా మెచ్చుకున్నవాడు చెడగొట్టేది బండెడు. పాపం, బైరాగి ఆ మాటలకు పొంగిపోయి గురవయ్యకు నెయ్యి వేసి అన్నం పెట్టించాడు.

రెండోసారి పొరుగింటి కుమ్మరి పైడమ్మను పిలిచాడు. ఆవిడ మొహమాటం ఎరగని మనిషి. ఆట అంతా కళ్ళార్పకుండా చూసి, "ఆ దొర బొమ్మ ఎంత బాగుందిరా బైరాగీ! దీపంలో మిలమిలా మెరిసిపోయాడు. నిజంగా దేవుడిలా ఉన్నాడు. అవునుగాని, ఆ నల్లటిదేమిటి? ఎలుగుబంటా?" అంది.

బైరాగికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎలుగుబంటి! పది రోజులు కూర్చుని రంగులు దిద్దిన తండ్రి బొమ్మ! దీపం వెలుగులో తన కళ్ళ ముందు ఎర్రంచు పంచెతో కళకళలాడిన బొమ్మ!

"బొమ్మ నాది! నా కళ్ళకు కనిపించనిది నీకు కనిపించిందా? నువ్వెవతివి చెప్పడానికి? పో!" అని తలుపు తీసి గెంటినంత పనిచేశాడు. నిజమాడితే నిష్ఠూరం అని ఊరికే అన్నారా? పైడమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మూడోసారి చాప మీద తల్లి కూర్చుంది. ఆట ముగిసేసరికి ఆవిడ ఏడుస్తుందని బైరాగి అనుకున్నాడు. తెర పక్క నుంచి తల పెట్టి చూశాడు. నూకాలు కంట తడి లేదు. మొహం చిట్లించుకుని కూర్చుంది.

"బాగుందా అమ్మా?"

"మూడు గడియలు పట్టింది నాయనా. అందులో రెండు గడియలు మాచనను తిట్టావు. వాడు కనిపించాడు, వాడి మీద తిట్లు వినిపించాయి. ఇందులో మీ అయ్య ఏడిరా?"

ఈ దెబ్బకు బైరాగి నిలువునా మండిపోయాడు. "అయ్య కోసమే కదే ఇదంతా! ఆట నాది. నా కళ్ళకు కనిపించనిది నీకు కనిపించిందా? నువ్వేమన్నా బొమ్మలాట నేర్చుకున్నావా చెప్పడానికి?" అని అరిచాడు. కన్నతల్లి మీద అరిచాడు. ఆ అరుపుకు కొట్టులో బొక్కెనలు కూడా మోగాయి.

నూకాలు తొణకలేదు. లేచి తెర వెనక్కి వచ్చింది. "అరిచింది చాలు. నువ్వు పోయి చాప మీద కూర్చో. నేనాడతాను" అంది.

"నీకు వచ్చా?"

"నెల రోజులుగా గోడ అవతల నుంచి వింటున్నాను. నీ ఆటలో నాకు రాని ముక్క లేదు."

బైరాగి విసవిసా పోయి చాప మీద చతికిలబడ్డాడు. తన ఆటను తెర ముందు నుంచి చూడడం అతనికి అదే మొదలు.

తెర మీద ఒక బొమ్మ లేచింది. దీపపు వెలుగు దాని గుండా వచ్చి పచ్చలూ కెంపులూ రాసి పోసినట్టు మెరిసింది.

"ఎవరమ్మా ఆ మారాజు?"

"మాచనరా. నువ్వు చేసినవాడే."

ఆ పక్కన ఇంకొకటి లేచింది. కన్ను లేదు, ముక్కు లేదు, రంగు లేదు. తెర మీద మసిగుడ్డ పడినట్టుంది.

"అదేమిటా నల్లముద్ద?" అని బైరాగి అరిచాడు. "మా అయ్య ఏడి? ఎవడు చేశాడు ఆ బొమ్మ? వాడి చేతులు విరగ!"

చేసినవాడు చాప మీదే ఉన్నాడు. వెనక నుంచి చూసేవాడికి దీపం రంగుల మీద పడుతుంది. ముందు నుంచి చూసేవాడికి తోలు గుండా వచ్చిన వెలుగే కనిపిస్తుంది. గేదెతోలు నీటినీ పోనివ్వదు, వెలుగునూ పోనివ్వదు.

ఆట సాగింది. నల్లముద్ద మెల్లగా నడిచి మెరిసే బొమ్మ ముందు వంగింది. "అయ్యా, గట్టుకు నెర్రె పడింది" అంది. మెరిసే బొమ్మ చెయ్యెత్తింది. నూకాలు గొంతు పెంచి ఆ బొమ్మ మాట పలికింది:

"గట్టు నాది! నా కళ్ళకు కనిపించని నెర్రె నీకు కనిపించిందా? నువ్వెవడివి చెప్పడానికి? పో!"

బైరాగికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ మాటలు తాను మాచన కోసం కట్టినవి. అవే మాటలు మొన్న పైడమ్మను అన్నాడు. ఇందాక తల్లిని అన్నాడు. పదిహేనేళ్ళుగా ఎవడిని తిడుతూ బతికాడో వాడి మాటే తన నోట్లో కాపురం పెట్టింది!

లేచి గూటంతో బొమ్మలు చితగ్గొట్టబోయాడు. కోపం ఇప్పుడు తన మీద. నూకాలు చెయ్యి పట్టుకుంది.

"కోపం రావద్దని నేననలేదురా. నాకు మాత్రం లేదా? పదిహేనేళ్ళుగా ఉడుకుతున్నాను. ఆ కోపంతో తోలు గీకు. వెలుగు పడేదాకా గీకు" అంది.

మర్నాడు బైరాగి పైడమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆవిడ చక్రం మీద నుంచి మట్టిముద్ద తీసి అతని రొమ్ము మీద విసిరింది.

"ఎలుగుబంటి అంటే మీద పడ్డావు! ఇప్పుడెందుకొచ్చావు?"

"తప్పయింది పైడమ్మత్తా. మళ్ళీ వచ్చి చూడు. ఏం కనిపిస్తే అది చెప్పు. తిట్టు, పడతాను" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి గొంతులో ముల్లు దిగినంత పనైంది. అయినా అన్నాడు.

బైరాగి మేకతోలు తెచ్చి గీకాడు, దీపానికి పట్టి చూశాడు, మళ్ళీ గీకాడు. పైడమ్మ వచ్చి, "ఇంకా మసకే" అంది. పళ్ళు కొరుకుతూ మళ్ళీ గీకాడు. రెండోసారి, "పంచె తెలిసింది, మొహం తెలియలేదు" అంది. వేళ్ళు కోసుకుపోయినా మళ్ళీ గీకాడు. మూడోసారి పైడమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుని, "సింగన్న బావా" అంది. అంతే అంది.

తిట్ల పద్యాలన్నీ కోసి పారేశాడు. ఒక్కొక్కటి కోస్తుంటే ప్రాణం పోయినట్టుండేది, ఎంత ముచ్చటపడి కట్టుకున్నాడో! ఆట ఒక్క గడియకు వచ్చింది. గురవయ్య మళ్ళీ వచ్చి కూర్చుంటే, ఈసారి గురక వినిపించలేదు. వంట సంగతి కూడా అడగలేదు.

మనవి రోజు వచ్చింది. కొలువులో తలుపులు, కిటికీలు మూయించారు. రాజుగారి కుడిపక్కన మాచన కూర్చున్నాడు. వయసు మీద పడ్డా ఠీవి తగ్గలేదు. తెర వెనక బైరాగి, నూకాలు.

తెర మీద ఒక కాపలావాడు వెలిగాడు. పసుపుపచ్చ తలపాగా, నవ్వుమొహం. గట్టు మీద నడిచాడు, వంగి నెర్రె చూశాడు, పరుగెత్తాడు. మొదటిసారి అధికారి గుమ్మం ఎక్కాడు. "గట్టు నాది! నువ్వెవడివి చెప్పడానికి?" రెండోసారి ఎక్కాడు. "నా గట్టుకే వంకలు పెడతావా? పో!" వాన పెరిగింది. మూడోసారి గుమ్మం ఎక్కాడు. తలుపు మొహాన పడింది. కాపలావాడు గంప ఎత్తుకుని ఒక్కడే వెనక్కి నడిచాడు.

ఆ చీకట్లో ఒక గొంతు కయ్యిమంది. "అబద్ధం! శుద్ధ అబద్ధం! వాడు మూడోసారి నా గుమ్మం ఎక్కలేదు! ఎక్కింది రెండుసార్లే! మూడోసారి వీధిలోనే గెంటించాను!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. మాచన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గాని, జారిన మాట మళ్ళీ నోట్లోకి పోతుందా?

రాజు తలుపులు తెరిపించాడు. "మాచనా, నిద్రపోయినవాడు నీ ఇంటికి ఎలా వచ్చాడు?" అని అడిగాడు. రాజు అతని కొలువు తీసేసి, ఆ ఏడంతా ఏటిగట్టు మీద మట్టిగంపలు మోయమన్నాడు.

బైరాగి తెర వెనక నుంచి వచ్చాడు. "ప్రభూ, ఆనాడు మాచన చెప్పాడు, తమరు నమ్మారు. మా అమ్మను ఒక్క మాట అడగలేదు. ఆ తప్పు తమరిది" అన్నాడు.

భటులు ముందుకు కదిలారు. రాజు మొహం ఎర్రబడింది. పెదవి కదిలింది, "నువ్వెవడివి" అన్నంతవరకు వచ్చింది. అక్కడ ఆగి తెర వంక చూశాడు. ఆ మాట ఇప్పుడే విన్నాడు, ఎవరి నోట విన్నాడో కూడా చూశాడు.

రాజు సింహాసనం దిగి వచ్చి నూకాలు ముందు తల వంచాడు. "తప్పు నాదే తల్లీ. ఇప్పుడు చెప్పు, వింటాను" అన్నాడు. అప్పుడు ఏడ్చింది నూకాలు.

ఇప్పటికీ మాగాణిపురంలో ఆ మాట ఉంది. వాన కురుస్తున్నా చేను విడవని రైతును చూసి, జబ్బుపడిన బిడ్డ పక్కన కదలకుండా కూర్చున్న తల్లిని చూసి, "సింగన్న కాపలా!" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బైరాగి బొక్కెన కుట్టడం ఆపి ఒక్క క్షణం తల ఎత్తుతాడు. అతని కోపం పోయిందా అంటే పోలేదు. కాకపోతే కుట్టిన ప్రతి బొక్కెనా మొదట పైడమ్మకే చూపిస్తాడు.

కథ కంచికి బయలుదేరింది, పోతూ పోతూ ఒక మాట మీ చేతిలో పెట్టి పొమ్మంది: గట్టుకైనా, ఆటకైనా, మనిషికైనా నెర్రె ఉందని చెప్పినవాణ్ణి తరిమేస్తే, పోయేది చెప్పినవాడు, మిగిలేది నెర్రె.