బెల్టు పనిచేసిన పూట

మా గురువుగారు పరాంకుశం డాక్టరుగారిని సూటిగా ప్రశ్న అడిగి, సూటిగా సమాధానం తెచ్చుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. నొప్పుల వైద్యంలో తలపండిన మనిషి. విజయనగరంలో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మేం ఏది అడిగినా, టీ చల్లారేదాకా ఊరుకుని, పేర్లు మార్చి ఎవరో రోగి సంగతి ఎత్తుకుంటారు.

ఆ రోజు అడిగినవాడు ధీరజ్. కుతకుత ఉడికిపోతున్నాడు. "నాకంటే వెనక చేరిన చంద్రికకి నొప్పి తగ్గించే నరాల యంత్రం పెట్టే ఆపరేషన్ ఇచ్చారు. నాకెందుకివ్వలేదు సార్? మొన్న ఆవిడ చెయ్యి వణికిందట కూడా!" అన్నాడు. ఆ చివరి మాట కాస్త రుచిగానే అన్నాడు.

గురువుగారు టీ పక్కన పెట్టి చెప్పిన సంగతి ఇదీ.

బంగారమ్మ, పైడమ్మ తోడికోడళ్ళు. ఇద్దరికీ నడుం నుంచి పాదందాకా లాగే నొప్పి. సాయంత్రమైతే ఒకరి నడుముకొకరు నూనె రాసుకుంటూ, నాదెక్కువంటే నాదెక్కువని పోట్లాడుకునేవారు. ఇద్దరికీ కొన్నాళ్ళు వెన్ను దగ్గర తాత్కాలికంగా తీగలు పెట్టి, సన్నగా కరెంటు ఇచ్చి చూస్తే, చిన్నావిడ పైడమ్మకి గుణమిచ్చింది, పెద్దావిడ బంగారమ్మకి ఇవ్వలేదు. అందుకని పైడమ్మకే వెన్ను పక్కన, చర్మం కింద, అగ్గిపుల్లంత యంత్రం పెట్టారు. దానిలో బ్యాటరీ ఉండదు. నడుముకి కట్టుకునే బెల్టులోని పెట్టె, తీగ లేకుండానే, దానికి కరెంటు అందిస్తుంది. బెల్టు తీసేస్తే కాసేపటికి నొప్పి మళ్ళీ మొదలు.

పైడమ్మ లేచి తిరిగింది. అక్కకి నూనె రాయడం మాత్రం మానలేదు. అదే బంగారమ్మకి మరీ కడుపుమంట. ఇదివరకు మూలుగుతూ రాసేది, ఇప్పుడు కూనిరాగం తీస్తూ రాస్తోంది! దాని సుఖం నాకు చూపించడానికే రాస్తోందని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

ఒక పొద్దున్న పైడమ్మ బెల్టు విప్పి స్నానానికి వెళ్ళగానే, బంగారమ్మ దాన్ని తీసి తన నడుముకి కట్టుకుని, పైన చీర కప్పుకుంది. మధ్యాహ్నానికల్లా బస్సెక్కి వచ్చి గురువుగారి ముందు నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"బాబూ, మీ పరీచ్చ తప్పు. ఇది నాకూ పన్జేసింది. నొప్పి పోనాది. నాకూ లోపల యంత్రం పెట్టీండి!"

ఆమె లోపల ఏమీ లేదు. మరి ఆ పెట్టె దేనికి కరెంటు అందించినట్టు? గురువుగారు ఆ మాట అనలేదు. "ఎప్పుడు తగ్గిందమ్మా?" అని మాత్రం అడిగారు.

"కట్టుకున్న కాసేపటికే, బాబూ. నాను అరుగు మీద కూకున్నాను. లోపల మా పైడి బెల్టు కనపడక ఓలమ్మో ఓలమ్మో అని మూలుగుతుంటే..."

అక్కడ ఆగిపోయింది. మొహం మాడిపోయింది. గబగబా బెల్టు విప్పి కొంగులో చుట్టుకుని, చెప్పకుండానే బయల్దేరింది. వచ్చేటప్పుడు నిటారుగా వచ్చిన మనిషి, మెట్లు దిగేటప్పుడు నడుం పట్టుకుని కుంటింది.

గురువుగారు సంగతి అక్కడితో ముగించారు. ధీరజ్‌కి ఓపిక నశించింది.

"అది మనసు చేసిన మాయ సార్, ఎవరికైనా తెలుస్తుంది. దానికీ నేనడిగినదానికీ ఏం సంబంధం?"

గురువుగారు చల్లారిన టీ అందుకున్నారు.

"చంద్రిక చెయ్యి వణికిందని చెప్పేటప్పుడు నీ మొహం చూశాను నాయనా. ఎంత హాయిగా ఉందో!"