ఉయ్యాలలు ఊగని రాజ్యం

వినండి పిల్లలూ. మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, సముద్రపు ఒడ్డున తరంగపురం అని ఒక రాజ్యం ఉండేది. దానికి ధర్మకేతు రాజు. ఆయనకు జయకేతు, విజయకేతు, పుష్పకేతు అని ముగ్గురు కొడుకులు.

ఆ రాజ్యానికి ఒక వింత కష్టం వచ్చిపడింది. అక్కడ పిల్లలు పుట్టడం మానేశారు. ఏ ఇంట్లోనూ పురుడు లేదు. ఏ వీధిలోనూ జోలపాట లేదు. ఉయ్యాలల్లో అమ్మలు మడిచిన బట్టలు పెట్టుకున్నారు. అ ఆలు దిద్దేవాళ్లు లేక పంతులుగారు ఖాళీ బడిలో కునికిపాట్లు పడ్డారు.

కారణం కనుక్కొస్తానని పెద్దకొడుకు ఒక కత్తి పట్టుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు. రెండోవాడు రెండు కత్తులు పట్టుకుని వెళ్లాడు. వాడూ తిరిగి రాలేదు.

"నాన్నగారూ, నేను వెళ్తాను" అన్నాడు పుష్పకేతు.

"నాకు మిగిలింది నువ్వొక్కడివే నాయనా" అన్నాడు రాజు.

"అన్నలను కూడా తీసుకొస్తాను" అని పాదాలకు మొక్కి బయల్దేరాడు.

రేవు దగ్గర యూదుల వీధి ఉండేది. ఎక్కడో దూరదేశం నుంచి ఓడలమీద వచ్చి స్థిరపడినవాళ్లు. వాళ్లకు ఎల్కానా అని ఒక ముసలి గురువు. ప్రాణాల రాకపోకల గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని చెప్పుకునేవారు. పుష్పకేతు ఆయన అరుగుమీద కూర్చుని తన కష్టం చెప్పుకున్నాడు.

"మా పెద్దలు ఇలా చెప్తారు" అన్నాడు గురువు. "పైలోకంలో పావురాలగూడులాంటిది ఒకటుంది. పుట్టబోయే ప్రాణాలన్నీ పిట్టల్లా అందులో ఉంటాయి. ఒక్కో పిట్టా దిగి వచ్చి ఒక్కో ఉయ్యాలలో చేరుతుంది. మీ రాజ్యానికి రావలసిన పిట్టలను దారిలోనే ధూమ్రజటుడనే మాంత్రికుడు పట్టుకుంటున్నాడు. ఏడు సముద్రాల అవతల దీవిలో పంజరాల్లో పెట్టాడు. వాటి పాటలు పిండి తన చిలకకు తాగిస్తాడు. ఆ చిలకలోనే వాడి ప్రాణం ఉంది."

"అయితే చిలకను చంపేస్తే సరి!"

గురువు తల అడ్డంగా ఊపాడు. "ప్రాణం ఎదగడానికి వస్తుంది నాయనా. ముందు దానికి ఊపిరి ఉంటుంది. ఇంకొకరికోసం కదిలినప్పుడు మనసు వస్తుంది. ఆ తర్వాత ఎప్పటికో వెలుగు వస్తుంది. చేయవలసిన పని మిగిలిపోతే మళ్లీ పుడుతుంది. ఒకసారి మనిషిగా, ఒకసారి చేపగా, ఒకసారి లేడిగా."

"అది శిక్ష కదా గురువుగారూ?"

"పాఠం రాకపోతే పంతులు మళ్లీ చెప్పడూ? అలాంటిదే. నీ కత్తి ఇక్కడ వదిలి వెళ్లు. ద్వేషంతో ఆ దీవిమీద కాలు పెట్టినవాడు రాయైపోతాడు."

పుష్పకేతు కత్తి అక్కడే పెట్టేసి వట్టి చేతులతో ఒడ్డుకు వచ్చాడు. నీళ్లలోంచి ఒక పెద్ద వెండిచేప తల ఎత్తింది.

"ఎక్కు బాబూ. పోయిన జన్మలో నేను పడవవాణ్ని. తుఫానుకు భయపడి ఒక ముసలమ్మను ఏటి అవతలే వదిలేసి వచ్చాను. ఎవరినైనా ఒడ్డు చేర్చేదాకా నాకు నిద్ర లేదు" అంది.

పుష్పకేతు ఎక్కాడు. పాలలా తెల్లని సముద్రం దాటారు. అలలే లేని సముద్రం దాటారు. అడుగున గంటలు మోగే సముద్రం దాటారు. అలా ఏడూ దాటాక దీవి కనిపించింది. అతను దిగగానే చేప తృప్తిగా కళ్లు మూసింది. దానిలోంచి మిణుగురంత పిట్ట ఒకటి పైకి లేచింది. కానీ ఎక్కడినుంచో గాలి వచ్చి ఆ పిట్టను దీవిలోకి లాక్కుపోయింది.

ఇసుకలో రెండు రాతిబొమ్మలు నిలబడి ఉన్నాయి. అవి జయకేతు, విజయకేతు! పుష్పకేతుకు కోపం ముంచుకొచ్చింది. "వాణ్ని..." అనబోయాడు. అంతలో అతని కాలివేళ్లు బరువెక్కాయి. చూస్తే రాయవుతున్నాయి.

ఒక లేడి పరుగున వచ్చి అతని చెయ్యి నాకింది. "బాబూ, కోపం వదిలెయ్యి. ప్రాణాన్ని పంజరంలో దాచుకున్నవాడు ఎంత భయపడి ఉంటాడో ఆలోచించు."

పుష్పకేతు ఆలోచించాడు. చీకటి గదిలో ఒక్కడే దాక్కున్న పిల్లవాడు మనసులో మెదిలాడు. పాదాలు మెల్లగా తేలికయ్యాయి.

"ఒకప్పుడు పక్కింటి బిడ్డ ఏడుస్తుంటే నేను తలుపు వేసుకున్నాను" అంది లేడి. "రా, నిన్ను మాంత్రికుడి తోట తలుపు దాకా తీసుకెళ్తాను." పొగమంచు అడవి దాటించి, తోట గుమ్మం ముందు దిగబెట్టి కన్ను మూసింది. ఆ పిట్టనూ గాలి లాక్కుపోయింది.

తోటంతా పంజరాలే. వాటికి గింజలు వేస్తూ ఒక అమ్మాయి కనిపించింది. ఆమె శంఖద్వీపపు రాజు కూతురు సోమలత. పిట్టలను మేపడానికి మాంత్రికుడు ఎత్తుకొచ్చాడు. ఆమె అతన్ని చిలక దగ్గరకు తీసుకెళ్లింది.

"ఎన్ని యుగాలో నేనిక్కడే ఉన్నాను" అంది చిలక. "తోటి ప్రాణాలు వెళ్లాయి, వచ్చాయి, పెద్దవయ్యాయి. నాకు మాత్రం ఊపిరి తప్ప ఏమీ లేదు. ఈ తలుపు ఆయన చేతికే తెరుచుకుంటుంది."

"ఒరేయ్! నువ్వెందుకు రాయి కాలేదు?" వెనక ధూమ్రజటుడు గర్జించాడు.

"నాలో ఉన్న కాస్త కోపమూ ఒడ్డునే పోయిందయ్యా. ఈ తలుపు తెరవండి."

"తెరిస్తే చచ్చిపోతాను."

"చచ్చి, మళ్లీ పుడతారు."

మాంత్రికుడు పంజరానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎక్కడ పుట్టమంటావు? నేను చేసిన పనులు తెలిస్తే ఏ తల్లి నన్ను కడుపులోకి రానిస్తుంది?"

పుష్పకేతుకు ఒడ్డున రాళ్లై నిలబడ్డ అన్నలు కళ్లముందు మెదిలారు. అయినా, "మా ఇంట్లో పుట్టండి. నేను పెంచుతాను" అన్నాడు.

"నన్నా? నీ అన్నలను రాళ్లు చేసినవాణ్నా?"

"పసివాడై వస్తే ఎత్తుకోకుండా ఉంటానా?"

ధూమ్రజటుడు కూలబడి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, తన చేత్తోనే పంజరం తెరిచాడు. చిలక వెంటనే ఎగరలేదు. అతని భుజంమీద వాలింది.

"నొప్పిగా ఉంటుందా?" అని అడిగాడు మాంత్రికుడు.

"నాకు తెలియదు. నేనిక్కడే కూర్చుంటాను" అని పుష్పకేతు అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు.

చిలక ఎగిరింది. ఎండుటాకు రాలినంత మెత్తగా మాంత్రికుడు కన్ను మూశాడు. పంజరాల తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఆకాశమంతా రెక్కలే! ఒడ్డున అన్నలిద్దరూ కళ్లు నులుముకుంటూ కదిలారు.

అందరూ అన్నలు వచ్చిన ఓడలో ఇంటిదారి పట్టారు. సాయంత్రం సోమలత ఓడ అంచున నిలబడి అడిగింది. "మీ ఇంట్లో పుట్టమని ఆయనకు మాటిచ్చారు. మరి తల్లి ఎవరో ఆలోచించారా?"

పుష్పకేతు తెల్లబోయాడు. "లేదు."

"అయితే నన్ను అడగండి" అని నవ్వింది.

శంఖద్వీపపు రాజు సంతోషంగా కన్యాదానం చేశాడు. తరంగపురంలో మళ్లీ జోలపాటలు మొదలయ్యాయి. అన్నలే పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టించారు.

కొన్నాళ్లకు సోమలతకు కొడుకు పుట్టాడు. పుట్టిన క్షణంనుంచీ గుక్కపట్టి ఏడుపు. దాదులు ఎత్తుకున్నా ఊరుకోలేదు. "ఇలా ఇవ్వండి. వచ్చావా నాన్నా, ఎంత దూరం నుంచి వచ్చావో!" అంటూ సోమలత గుండెకు హత్తుకుంది. బిడ్డ ఏడుపు ఆపి తండ్రి వేలు గట్టిగా పట్టుకున్నాడు. వాడికి అభయుడని పేరు పెట్టారు.

అభయుడు పెద్దవాడై వైద్యం నేర్చుకున్నాడు. మంత్రసాని లేని పల్లెలకు గుర్రంమీద వెళ్లి పురుళ్లు పోసేవాడు. "రాజుగారి అబ్బాయికి ఈ పనేమిటి?" అని జనం అడిగితే, "పసివాళ్లు మొదటిసారి కళ్లు తెరిచేటప్పుడు దగ్గరుండాలనిపిస్తుంది. ఎందుకో నాకూ తెలియదు" అనేవాడు.

ఎందుకో తెలిసిన తల్లీ తండ్రీ ఒకరినొకరు చూసుకునేవారు. ఏమీ చెప్పకుండా వాడికి దారిలోకి అన్నం మూట కట్టి ఇచ్చేవారు. అలా వాళ్లు తలలు నెరిసేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలుకున్నారు.