పన్నెండో మేకు

సన్యాసిరావు మాస్టారు ఎప్పుడూ అందరికన్నా వెనక తొక్కుతారు. అనకాపల్లి హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. అరవై ఆరేళ్ళొచ్చినా ఘాట్ రోడ్డు మీద ఆయన తల్చుకుంటే సగం వయసువాళ్ళకి చెమటలు పట్టించగలరు. అయినా వెనకే. ఆయన దగ్గర సైకిల్ యాత్రలు నేర్చుకునేవాళ్ళకి ఇంకో నియమం కూడా ఉంది. ఇద్దరికి ఒక టెంటు. దాని గుడ్డా, మేకులూ ఒకరి సైకిలు మీద, రాడ్లూ, తాళ్ళూ రెండోవారి సైకిలు మీద. ఎందుకలాగ అని అడిగితే, "బరువు పంచుకోడానికమ్మా" అనేవారు. అంతకు మించి నోరు విప్పేవారు కాదు.

ఆ శిష్యుల్లో నూకరత్నానికి ఒక్కచోట కాలు నిలవదు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, తాలూకాఫీసులో ఉద్యోగం. అయిదేళ్ళ కిందట లారీ గుద్ది మోకాలు నుజ్జయితే రెండేళ్ళు మంచం మీద గోడకేసి చూస్తూ గడిపింది. లేచిన దగ్గర్నుంచీ పరుగే. ఆగితే ఆ మంచం మళ్ళీ వచ్చి మీద పడుతుందని ఆమె భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. మాస్టారికి తెలుసో లేదో మనకి తెలీదు.

వచ్చే ఎండాకాలంలో మాస్టారు మనాలి నుంచి లేహ్ దాకా వెళ్తున్నారు. నాలుగు జోడీల్లో ఒక్క జోడీనే వెంట తీసుకెళ్తానన్నారు. ఏ జోడీయో పాడేరు ఘాట్ ఎక్కాక చెబుతానన్నారు. రత్నం ఏడాదిగా ఆ లేహ్‌నే కలగంటోంది. సెలవుకి అర్జీ కూడా రాసి పెట్టుకుంది. వచ్చిన చిక్కల్లా ఆమె జోడీతోనే. రూతమ్మకి యాభై మూడేళ్ళు. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఎక్కుడు వస్తే చాలు, అతి చిన్న గేరులో పెట్టుకుని వార్డులో రౌండుకి వెళ్ళినట్టు మెల్లగా వస్తుంది. పైగా టెంటు మేకులు గడ్డిలో పోకుండా కనబడాలని వాటి తలలకి ఎర్ర గోళ్ళరంగు పూసింది. రత్నం అది చూసి, "మేకులకి కూడా పెళ్ళి చేస్తారా అక్కా?" అని పడీ పడీ నవ్వింది.

నవంబరులో ఒక ఉదయం, మాడుగుల దాటి, ఘాట్ మొదట్లో అందరూ టీ తాగుతుంటే రత్నం గ్లాసు ముట్టకుండానే మాస్టారి ముందు నిలబడింది.

"మాస్టారూ, ముందుకు పోగలిగినవాళ్ళు వెనకబడినవాళ్ళ కోసం ఎంతసేపని ఆగాలండీ?"

మాస్టారు ఆమె గ్లాసు తీసి అందించబోయారు.

"నాకు జోడీ మార్చండి" అంది రత్నం గొంతు తగ్గించి. "రూతక్క మీద నాకేం కోపం లేదు. కానీ ఆవిడతో ఉంటే నేను లేహ్ చూడను."

"సాయంత్రం చెబుతాను. టీ చల్లారిపోతోంది, తాగు."

టీ తాగే ఓపిక ఆమెకెక్కడిది! సైకిలెక్కబోతుంటే రూతమ్మ వెనక నుంచి పిలిచింది. "రత్నం, ఆ మేకుల సంచీ కుట్టు వదులైనట్టుందమ్మా. ఒక్క నిమిషం ఉండు, పిన్నీసు పెడతాను."

"టైము లేదక్కా!" అంటూనే మొదటి మలుపు తిరిగేసింది.

ఆ పూట తొక్కిన తొక్కుడు చూసి తీరాలి. గోతులనీ, గులకరాళ్ళనీ చూడకుండా, చక్రం ఎగిరెగిరి పడుతున్నా లెక్కచెయ్యకుండా ఎక్కేసింది. సిల్వర్ ఓక్ చెట్లూ, వాటికి ఎగబాకిన మిరియం తీగలూ, కింద ఎర్రబారుతున్న కాఫీ కాయలూ, ఏవీ ఆమె కంట పడలేదు. మధ్యాహ్నం మూడున్నరకల్లా అందరికన్నా ముందు మకాం చేరింది. అది కొండ అంచున చోడి పంట కోసేసిన చేను. సైకిలు దిగి చుట్టూ చూసింది. మనుషుల్లేరు. చేతిలో పనీ లేదు. గుడ్డ తన దగ్గరుంది, రాడ్లు రూతమ్మ దగ్గరున్నాయి.

గంట తర్వాత మిగిలిన మూడు జోడీలూ కబుర్లాడుకుంటూ ఒక్కొక్కటే వచ్చాయి. ఇరవై నిమిషాల్లో మూడు టెంట్లు లేచాయి. అందరికన్నా ముందొచ్చిన రత్నం మాత్రం చేను గట్టు మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పడమటి కొండ మీద మబ్బు దిగింది. గాలి చల్లబడింది. తుంపర మొదలైంది. గుడ్డ తడిసిపోతుందని మూట విప్పనైనా లేదు. రూతమ్మ జాడ లేదు. ఆవిడ వెనకుండే మాస్టారి జాడా లేదు.

ఇక ఉండబట్టలేకపోయింది. ఎంతో కష్టపడి ఎక్కిన ఘాట్‌ని మళ్ళీ కిందకి దిగింది. మూడు మలుపులు దిగేసరికి రూతమ్మ కనిపించింది. తొక్కడం లేదు, సైకిలు నడిపించుకుంటూ వస్తోంది. అదీ తిన్నగా కాదు, రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి, నేలచూపులు చూసుకుంటూ వస్తోంది. ఆవిడ వెనక ఇంకో మలుపు అవతల మాస్టారు కూడా సైకిలు దిగి నడుస్తున్నారు. రత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏటక్కా ఇది! వాన పడతంటే షికారుకొచ్చినట్టు నడుస్తారా? కనీసం ఎక్కి తొక్కండి. నా యాత్రంతా మీ మూలాన..." ఆ మాట మింగేసింది. కానీ మింగడం కాస్త ఆలస్యమైంది.

రూతమ్మ తలెత్తింది. "అది కాదు తల్లీ, నీ..."

వినడానికి రత్నం అక్కడుంటే కదా. అప్పటికే సైకిలు తిప్పేసింది. మళ్ళీ పైకి తొక్కుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. సాయంత్రమైపోయింది. ఇవాళే మాస్టారు చెబుతారు. ఇలాంటి జోడీని ఎవరు తీసుకెళ్తారు?

సందె వెలుగు పోకముందే రూతమ్మ చేను చేరింది. ఆయాసంతో మాట రావడం లేదు. రత్నం విసురుగా మూట లాగి, గుడ్డ పరిచి, మేకుల సంచీ బోర్లించింది. ఏమీ పడలేదు. మళ్ళీ దులిపింది. సంచీ అడుగున కుట్టు జానెడు పొడుగున విడిపోయి ఉంది. అందులోంచి ఆమె చెయ్యి ఇటు నుంచి అటు వచ్చేసింది.

"మేకులు లేవు" అంది.

రూతమ్మ మెడలోంచి తువ్వాలు మూట తీసి నేల మీద విప్పింది. బురద కొట్టుకున్న ఇనప మేకులు. ఎర్రటి తలలు.

"మొదటిది మూడో మలుపులో దొరికిందమ్మా. ఇంకోటి కూడా పడిందేమోనని చూసుకుంటూ వచ్చాను. ఎక్కి తొక్కితే కనబడవు కదా. ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి. పదకొండు దొరికాయి. ఒకటి మాత్రం..." ఏదో తప్పు చేసినదానిలా ఆగింది. "మబ్బుకి వెలుగు చాలక రెండు మలుపులు సరిగ్గా చూడలేదు."

రత్నానికి తల తీసేసినట్టయింది. "నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పబోయాను. నువ్వు వెళ్ళిపోయావు."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని రత్నానికి అనిపించింది.

ఇద్దరూ కలిసి టెంటు లేపారు. రూతమ్మ రాడ్లు పట్టుకుంది, రత్నం మేకులు కొట్టింది. పదకొండూ దిగాయి. గాలివాటున ఉన్న పన్నెండో తాడు మాత్రం వదులుగా కొట్టుకుంటోంది. అది వదిలితే టెంటంతా లేచిపోతుంది. "మీరు లోపలికెళ్ళి తడిబట్టలు మార్చుకోండి అక్కా" అని చెప్పి, రత్నం ఆ తాడు చేతికి చుట్టుకుని చేలో కూర్చుంది. గాలి లాగుతోంది. తుంపర మొహాన కొడుతోంది. పక్కనే గట్టు మీద కావలసినన్ని రాళ్ళున్నాయి. లేచి ఒక రాయి తెచ్చుకోవాలని కూడా ఆమెకి తోచలేదు. పొద్దున్నుంచీ ఒక్కచోట ఇంతసేపు కూర్చోవడం అదే మొదలు.

కాసేపటికి మాస్టారు ఒక రాయి మోసుకొచ్చి పక్కన పెట్టారు.

"జోడీ సంగతి సాయంత్రం చెబుతానన్నారు మాస్టారూ" అంది రత్నం తలెత్తకుండానే. "ఇప్పుడు నేనేం అడగను. లేహ్ కూడా అడగను."

"పొద్దున ఒకటి అడిగావు కదా, వెనకవాళ్ళ కోసం ఎంతసేపు ఆగాలని" అన్నారు మాస్టారు, రాయికి తాడు బిగిస్తూ. "అది నాకూ తెలీదమ్మా. నీ కోసం ఇవాళ పదకొండుసార్లు ఆగినావిడ లోపలుంది. వెళ్ళి ఆవిణ్ణే అడుగు. నీతో లేహ్ వస్తుందేమో, అదీ అడుగు."