నక్క బావ ముంతలోని మందు

కాలవ గట్టు మీద పాకలో నీలాలు అనే గేదె ఉండేది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు. ఈనిన తరవాత కంటి పక్కన ఓ తెల్లమచ్చ పుట్టి చెంపంతా పాకింది. అంటుకుంటుందేమోనని తోటి గేదెలు ఎడంగా జరిగాయి. ఆ అవమానం భరించలేక నీలాలు మడుగులోకి దిగడమే మానేసింది. గట్టు మీద ఎండలో నిలబడితే మచ్చ చురుక్కుమనేది. మనసు అంతకంటే ఎక్కువ మండేది.

ఈ కబురు నక్క బావ చెవిన పడింది. మెడకి ఓ ముంత తగిలించుకుని, పెద్ద వైద్యుడిలా పాకలోకి వచ్చాడు.

"అయ్యో, బంగారంలాంటి మొహం! ఈ మందు రాస్తే మచ్చ మాయం తల్లీ."

"మరి నీకేం ఇవ్వాలి బావా?"

"ఎక్కువేం వద్దు. రోజూ పొద్దుటి పాలు."

నీలాలు పక్కనున్న తన దూడ వైపు తిరిగింది. సాయంత్రం పాలు రైతు పిండుకుంటాడు, పొద్దుటివే దూడకి దక్కేవి. అయినా ఈ మొహంతో బతకలేననిపించి, తల ఊపబోయింది.

అంతలో పక్కనున్న ముసలి ఎద్దు కోటయ్య, "నా మెడ మీద నల్లమచ్చ కూడా చూడవోయ్" అన్నాడు.

"చూసేదేముంది? దానికీ ఇదే!" అంటూ నక్క బావ పుల్లతో మందు తీసి మెడకి పులిమేశాడు. సున్నమూ జీడిరసమూ కలిపిన ముద్ద అది.

"మంట! మంట!" అని కోటయ్య గంతులేశాడు.

"మందు పనిచేస్తోందన్నమాట."

నీలాలు నెమరు ఆపింది. "బావా, మామది నల్లమచ్చ, నాది తెల్లమచ్చ. రెంటికీ ఒకటే మందా? అసలు ఎందుకొచ్చాయో నువ్వు అడగనే లేదు."

"అడిగితే పోతాయా ఏమిటి?"

"సరేలే. నీ గొంతు కింద తెల్లగా ఉందిగా, అక్కడ రాసుకో. చక్కగా నల్లబడితే రెండు పూటల పాలూ నీవే."

రెండు పూటలనేసరికి నక్క బావకి నోరూరింది. కాస్తే కదా అనుకుని గొంతుకి రాసుకున్నాడు. చర్రుమని మండింది. ఎగిరి గంతేసేసరికి ముంత తిరగబడి మందంతా ఛాతీ మీద ఒలికింది. ఊళలు పెడుతూ కాలవ దాటి పారిపోయాడు.

కోటయ్య మెడ కడుక్కుని వచ్చి కూలబడ్డాడు. "నాది కాడి రాపిడి వల్ల వచ్చిన నలుపమ్మా. కాడి కింద మెత్తగా గోనెపట్టా వేస్తే మెల్లగా పలచబడుతుంది. మందని తొందరపడ్డాను. నీది వేరు. ఒంట్లోంచి రంగే పోయింది. పశువుల డాక్టరు చూసి చెప్పాలి."

"తిరిగొస్తుందా మామా?"

"రావచ్చు, రాకపోవచ్చు. ఈలోగా ఎండ తగలనీకు."

"అందరికీ అంటుకుంటుందంటున్నారే!"

"నీ దూడ రోజూ ఆ చెంపకే మొహం రాసుకుంటోంది. దానికి అంటిందా?"

నీలాలు దూడకేసి చూసింది. ఒక్క మచ్చ లేకుండా నల్లగా ఉంది. ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉన్న సంగతి! ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. దూడని వెంటబెట్టుకుని మడుగులోకి దిగి, చెంప నిండా చల్లటి బురద పూసుకుంది. తోటి గేదెలు మచ్చ లేని దూడని చూసి, సిగ్గుపడి, పక్కకి జరిగి చోటిచ్చాయి.

అవతలి గట్టున నక్క బావ, బొబ్బలెక్కిన గొంతుకి మందేమిటో తెలియక, కనిపించిన ప్రతివాడినీ అడుగుతున్నాడు.

మచ్చ ఎందుకొచ్చిందో అడగనివాడి చేతికి ఒళ్లు అప్పగించకూడదు.